ఎండలో వంగిన ఫిరంగి

ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం.

నేను ఒట్టు పెట్టానంటే ఇక్కడ మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మావాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత వింటారు. ఇన్నాళ్లూ నేను పెట్టిన ఒట్లన్నీ ఒక పక్కకు నెట్టేయండి. అవి కథలు రక్తి కట్టడానికి పెట్టినవి. ఇది బరువు దించుకోవడానికి. కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఎంత బరువో చెప్పమంటే నా అలవాటు కొద్దీ ఏ లారీతోనో పోలుస్తాను కాబట్టి చెప్పను. నిజానికి అది అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ బొమ్మ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక. తెలిసినవాళ్లకు చెబితే రెండో వాక్యానికే "ఆఁ, తర్వాత ఏనుగు వచ్చిందా?" అంటారు. తప్పు వాళ్లది కాదు. మా ఇంటి కాలింగ్ బెల్ ఒక కంగారూ కొట్టి పక్కింటి అడ్రస్ అడిగిందని చెప్పింది నేనే. మా తాతగారు కాలువలో మొసలితో చేపల వాటా మాట్లాడుకుని, చివరిదాకా ఇద్దరూ మాట తప్పలేదని చెప్పిందీ నేనే. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి నేను నోరు తెరవగానే "డాడ్, ప్లీజ్, నాట్ ద క్రొకడైల్" అంటుంది. మా ఆవిడది ఇంకా సూటి మాట: "మీరు నిజం చెప్తే నమ్మడానికి మాకు ప్రాక్టీస్ లేదండీ."

ఆ ప్రాక్టీస్ లేకపోవడం ఒకరోజు నా మెడకే చుట్టుకుంటుందని నాకు మాత్రం ఏం తెలుసు?

నేను జర్మన్ యుద్ధ టాంకుల మోడళ్లు కడతాను. డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వందలకొద్దీ ముక్కలుంటాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, గరుకు పోయేదాకా అరగదీసి, గమ్‌తో అతికించి, రంగు వేయాలి. అంతా అయ్యి కొత్త టాంకులా మెరుస్తున్నప్పుడు దానికి తుప్పు, బురద, పొగ మరకలు పూసి పాడుచేయాలి. అసలు విద్యంతా ఆ పాడుచేయడంలోనే ఉంది. "ఇల్లు తుడవమంటే ఓపికుండదు, బొమ్మకు బురద పూయమంటే మాత్రం ఆదివారాలకు ఆదివారాలు కూర్చుంటారు" అంటుంది మా ఆవిడ. 

నాకు ఈ పిచ్చి అంటించింది ఖలీల్ భాయ్. నంద్యాల మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. పళ్ల డాక్టరు. మా పక్క సబర్బ్‌లో సొంత క్లినిక్. మొదటిసారి నేను దవడ పన్ను నొప్పితో వెళ్లి ఆయన కుర్చీలో వెల్లకిలా పడుకున్నప్పుడు, ఎదురుగా అలమరలో ఒక టాంకు కనిపించింది. కింద ఒక చక్రం ఊడిపోయి, ఒక పక్కకు ఒరిగి, గడ్డిలో వదిలేసినట్టుంది. నా చూపు చూసి, నా నోట్లో చెయ్యి పెట్టుకునే దాని గురించి చెప్పడం మొదలుపెట్టారు. నా జీవితంలో మధ్యలో దూరకుండా ఒకరి మాట పూర్తిగా విన్నది అప్పుడే. వేరే దారి లేదు కదా.

ఆయన పద్ధతి ఒకటుంది. ఓడిపోయిన టాంకులే కడతారు. "గెలిచే టాంకు నేను కట్టనప్పా. ఎవుర్ని చంపినాదో మనకు తెల్దా? అది ఆగిపోయిన పొద్దే నాకు కావాల" అనేవారు. అందుకే ఆయన పాంథర్ టాంకుల మీద పిచ్చి మొక్కలు మొలుస్తాయి, టైగర్ టాంకుల మీద పిట్టలు వాలుతాయి. పాతబడిన పళ్ల డాక్టరు పనిముట్లే ఆయనకు ఇక్కడ ఆయుధాలు. పంటి గార గీకే కొక్కెంతో ఇనుప అతుకుల గీతలు గీసేవారు. పళ్ల అద్దం పెట్టి టాంకు పొట్ట కింద రంగు సరిగ్గా పడిందో లేదో చూసేవారు. ఆయన చేతులు చూస్తూ కూర్చోవడం నాకు ఒక సుఖం. వణుకు లేదు, తొందర లేదు. ఒక ముక్కను పట్టకారుతో ఎత్తితే అది దాని చోటికి అదే వెళ్లి కూర్చున్నట్టుండేది.

నాకా చేతులు రాలేదు. ఇది కూడా చెప్పాలి. నా టాంకులు దూరం నుంచి బాగుంటాయి.

ఇద్దరం ఒక మోడలర్ల క్లబ్బులో సభ్యులం. ఏటా ఎండాకాలంలో నగరానికి అవతలి చివర ఒక హాల్లో పోటీ పెడతారు. ఆ ఏడు ఖలీల్ భాయ్ ఒక టైగర్ కట్టారు. ఏడాదికి పైగా పట్టింది. ఆపిల్ తోటలో సైనికులు వదిలేసి పోయిన టాంకు. ఇంజిన్ మూత మీద ఒక కోడి గుడ్ల మీద పొదిగి కూర్చుంది. ఆ కోడి కళ్లలో కూడా మెరుపు చుక్క ఉంది. అంత పెద్ద ఇనుప జంతువు ఆ కోడికి గూడు. చూసినవాళ్లు ముందు నవ్వేవారు, తర్వాత వంగి మళ్లీ దగ్గరగా చూసేవారు.

దాని ఫిరంగి గొట్టం పాత తరహాది. నిలువునా రెండు సగాలుగా వస్తుంది. గమ్‌తో అతికించి, అతుకు కనబడకుండా అరగదీయడం ప్రాణం తీసే పని. చాలామంది ఆ సగాలు పారేసి ఇత్తడి గొట్టం విడిగా కొని పెట్టేస్తారు. నేనూ అదే చెయ్యమన్నాను. "ఛీ, అది పన్నుకు క్యాప్ ఏసినట్లుంటాది. సొంత పన్ను ఉండంగ క్యాప్ ఎందుకప్పా?" అన్నారు. నెలరోజులు అరగదీశారు. అతుకు మాయమైంది. వేలితో తడిమినా దొరకలేదు.

అదే పోటీలో, అదే విభాగంలో, నా పాంథర్ కూడా ఉంది.

పోటీ శనివారం. ఆయనకు క్లినిక్‌లో పొద్దుటి పేషెంట్లు. "నువ్వెట్లాగూ పోతాండావు గదా, నాది కూడా తీస్కపోప్పా. నేను అర్వోకి ట్రెయిన్‌లో వస్తా" అన్నారు. అర్వో అంటే ఇక్కడి మాటలో మధ్యాహ్నం. పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో టైగర్‌ను అమర్చి, పసిపిల్లను అందించినట్టు నా చేతుల్లో పెట్టారు. నా కారులో వెనక రెండూ పెట్టాను. నా పాంథర్ అట్టపెట్టెలో, సీటు కింద. ఆయన టైగర్ సీటు మీద, పెట్టెతో సహా, బెల్టు కట్టి.

దారిలో ఒక పార్కులో తెలిసినవాళ్ల బార్బీ, అదే బార్బెక్యూ విందు, ఉంది. పది నిమిషాలు తల చూపిద్దామని ఆగాను. మీకు మెల్‌బోర్న్ ఎండ తెలిస్తే ఇక నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు ఉత్తరపు గాలి, ఇక్కడ అదే వడగాలి. నలభై దాటింది. తారు మెత్తబడింది. ఇది నా అతిశయోక్తి కాదు. నేను కథల్లో పడ్డాను. చుట్టూ పదిమంది, చేతిలో ప్లేటు, మొసలి కథ అడిగినవాళ్లే మళ్లీ అడిగారు. వెనక సీట్లో టైగర్ ఉందన్న సంగతి పూర్తిగా మరిచిపోయాను.

తిరిగొచ్చి తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. పెట్టెలోకి చూశాను. ఫిరంగి గొట్టం మెల్లగా, నున్నగా, అలసిపోయిన ఏనుగు తొండంలా కిందికి వాలిపోయి ఉంది. కోడి మాత్రం అలాగే కూర్చుంది. అట్టపెట్టెలో, నీడలో ఉన్న నా పాంథర్‌కు ఏమీ కాలేదు.

ఏం చేయాలి అప్పుడు? ఫోన్ చేసి చెప్పాలి. ఇంత తేలికైన ప్రశ్నకు నేను కారులో ఏసీ పెట్టుకుని ఎంతసేపు ఆలోచించానో. చెప్పలేదు. హాలుకు వెళ్లి రెండూ బల్ల మీద పెట్టాను.

ఆయన అర్వోలో వచ్చారు. చెమట తుడుచుకుంటూ, నవ్వుతూ నేరుగా బల్ల దగ్గరికి నడిచారు. తర్వాత జరిగిన మాటలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఒక్క మాట కలపకుండా చెబుతాను.

"ఇదేమప్పా? ఇట్లయిపోయిందే?"

"భాయ్... పొద్దున మీరు ఇచ్చినప్పుడే కొంచెం వాలినట్టు అనిపించిందండీ. అప్పుడు అనడం బాగోదని ఊరుకున్నా."

"ఎండ గానీ తగిలిందా? కారు యాడన్నా ఆపినావా?"

"లేదు భాయ్. ఏసీలో నేరుగా తెచ్చాను. ఎక్కడా ఆగలేదు." ఇక్కడితో ఆపి ఉండొచ్చు. నేను ఆపలేదు. నాకు కథ సగంలో వదిలేసే అలవాటు లేదు. "అతుకులో గమ్ ఎక్కువ పట్టించారేమో. లోపల్నుంచి ప్లాస్టిక్ కరిగి ఉంటుంది. చెయ్యి కొంచెం... అంటే, ఈమధ్య మీరే అన్నారు కదా, అలుపొస్తోందని."

ఆయన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి, వేళ్లకేసి చూసుకున్నారు. "అవునప్పా. అయ్యుంటాది" అన్నారు.

ఆయన ఎందుకు నమ్మారో నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నా అబద్ధాలన్నీ పెద్దవి. మొసళ్లు, ఏనుగులు, బెల్లు కొట్టే కంగారూలు. వాటి గురించి ఊరందరికీ తెలుసు. ఇంత చిన్న అబద్ధం, ఒక గమ్ చుక్కంత అబద్ధం నేను చెప్పగలనని ఆయన ఊహించలేదు. నన్ను నమ్మిన ఒక్కసారీ అలా నమ్మారు.

నా పాంథర్‌కు మూడో బహుమతి వచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఖలీల్ భాయ్.

ఒక బొమ్మ గొట్టం వంగింది. అంతే కదా? నేనూ అదే అనుకున్నాను. మళ్లీ కట్టుకుంటారు, ఈసారి ఇత్తడి గొట్టం పెట్టుకుంటారు, ఇంకో ఏడాదికి ఇద్దరం నవ్వుకుంటాం. అలా జరగలేదు. కొన్నాళ్లకు ఆయన తన దగ్గరున్న కిట్లన్నీ, ఇంకా తెరవని డబ్బాలతో సహా, మా గరాజ్‌కు తెచ్చి ఇచ్చేశారు. "నువ్వు కట్టప్పా. నా చేతికి అది రాదింక" అన్నారు. నేను వద్దనలేదు. థాంక్స్ చెప్పాను. ఎంత సిగ్గులేనితనం! ఒక్క డబ్బా కూడా తెరవలేకపోయాను. గరాజ్‌లో కారు పెట్టేటప్పుడు హెడ్‌లైట్లు వాటి మీదే పడేవి.

తర్వాత చిన్న చిన్నవి గమనించడం మొదలుపెట్టాను. పార్టీల్లో ఆయన టీ కప్పు రెండు చేతులతో ఎత్తుతున్నారు. మాట్లాడేటప్పుడు చేతులు చంకల్లో దాచుకుంటున్నారు. క్లినిక్‌లో పంటి లోపలి నరం శుభ్రం చేసే సన్నటి పనులన్నీ జూనియర్‌కు అప్పగించేశారని ఆయన భార్య నస్రీన్ భాభీ ఒకసారి మా ఆవిడతో అన్నారు. చెయ్యి వణుకుతుందేమోనని చూసుకుంటూ ఉంటే ఎవరి చెయ్యయినా వణుకుతుంది.  డాక్టరుకు చూపించమని భాభీ ఎంత పోరినా ఆయన వెళ్లలేదట. "పోతే దానికేదో పేరు పెడతారు. పేరు పెట్టకముందే నేనే పని తగ్గిస్తా" అన్నారట.

నేను ఆ మాట విని అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. కడుపునొప్పి అన్నాను. అదీ అబద్ధమే.

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు? భయమా? ఆయన తిడతారని కాదు. తిట్టరని. చెప్పకుండా గడిచిన ప్రతి నెలా చెప్పడాన్ని ఇంకొంచెం కష్టం చేస్తుంది. మొదటి వారంలో చెబితే అది పొరపాటు. ఏడాదికి చెబితే మోసం. ఇన్నేళ్ల తర్వాత చెబితే దానికి ఏం పేరు? నాకూ పేరు పెట్టించుకోవడం ఇష్టం లేకపోయింది. ఆయనా నేనూ అక్కడ ఒకేలా తయారయ్యాం. కాకపోతే ఆయన ఏ తప్పూ చేయలేదు.

మొన్న ఎండాకాలం మొదట్లో క్లినిక్ అమ్మేస్తున్నామని భాభీ చెప్పారు. కొనేవాళ్లు దొరికారు, సంతకాలు మిగిలాయి. ఇంకా పదేళ్లు చేయగలిగిన మనిషి. "చేతులు నమ్మేటట్టు లేవంటాడు. ఏం చెప్పాల నేను?" అన్నారు ఆవిడ. ఆ మాట అన్నది మా వంటింట్లో, మా ఆవిడతో. నేను ఫ్రిజ్ తలుపు తెరిచి ఏం తీయాలో మరిచిపోయి నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. హాల్లో కూర్చోబెట్టారు. బార్బీ, ఎండ, వెనక సీటు, ఏసీ అబద్ధం, గమ్ అబద్ధం, అన్నీ చెప్పాను. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదనుకుంటా. చెప్పడం అయ్యాక ఆయన నా వైపు చాలా ప్రేమగా చూసి, నవ్వారు.

"మంచి కథప్పా. క్లినిక్ అమ్మేది ఆపాలని అల్లినావు గదా?"

"కథ కాదు భాయ్! ఒట్టు!"

"నీ ఒట్టా!" ఇంకా నవ్వారు. "ఏమే నస్రీన్, వింటివా? ఈయప్ప ఒట్టు పెడతాండాడు! ఈసారి మొసలి యాడుండాదో అడుగు."

నేను దాదాపు ఏడ్చాను. పెట్టిన ప్రతి ఒట్టూ, చెప్పిన ప్రతి ఏనుగూ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడినట్టయింది. ఆయన నా అబద్ధాన్ని నమ్మి నా నిజాన్ని నవ్వి పారేస్తున్నారు. కానీ భాభీ నవ్వలేదు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నా మొహాన్నే చూస్తున్నారు.

"నువ్వు నవ్వేది ఆపు" అన్నారు భర్తతో. "ఆ టాంకు ఇంకా అల్మారాలో ఉండాది. ఎండకు వంగిందో గమ్‌కు కరిగిందో చూస్తే తెలీదా నీకు? డాక్టరువే గదా?"

ఆయన నవ్వు తగ్గింది. "తెలుస్తాది" అన్నారు నెమ్మదిగా. "పక్కపక్కన పెడితే తెలుస్తాది."

ఆ వారం చివర్లో మళ్లీ ఉత్తరపు గాలి వస్తుందన్నారు. మా గరాజ్‌లోని ఆయన డబ్బాల్లోంచే పాత తరహా గొట్టాలు రెండు తీశాను. ఒకదాని సగాలను మామూలుగా అతికించాను. రెండోదాని అతుకులో గమ్ కావాలని కారేదాకా పోశాను. గాలి వచ్చేదాకా కొన్ని రోజులు ఆరనిచ్చాం. మొదటిది ఆయన పాత ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, నా కారులో, అదే వెనక సీట్లో, వాళ్ల డ్రైవ్‌వేలో ఎండలో వదిలాం. రెండోది ఇంట్లో, ఫ్యాన్ కింద. ముగ్గురం టీవీలో క్రికెట్ చూస్తున్నట్టు నటించాం. స్కోరెంతో ఒక్కరికీ తెలియదు.

సాయంత్రం కాకముందే ఆయనే లేచి కారు దగ్గరికి వెళ్లారు. తలుపు తీశారు. వేడికి వెనక్కి ఒక అడుగు వేశారు. గొట్టం తొండంలా వాలి ఉంది.

బల్ల మీద మూడూ వరసగా పెట్టారు. ఎండకు వంగినది, గమ్ పోసినది, టైగర్. లోపలికి వెళ్లి క్లినిక్‌లో కళ్లకు పెట్టుకునే భూతద్దాల జోడు తెచ్చుకున్నారు. ఇంట్లో ఆయన అది పెట్టుకోవడం ఇన్నేళ్లలో చూడలేదని భాభీ తర్వాత చెప్పారు. గమ్ పోసిన గొట్టం తోలు ముడతలు పడి, గుంటలు పడి, అతుకు వెంబడి పుండులా ఉంది. ఎండకు వంగినది నున్నగా ఉంది. టైగర్ గొట్టం కూడా నున్నగానే ఉంది. వాలిన ఇన్నేళ్లకూ ఆ అతుకు కనబడటం లేదు.

చాలాసేపు చూశారు. కొక్కెంతో తడిమారు. అప్పుడు గమనించాను, ఆ కొక్కెం పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. ఆయనా గమనించారనుకుంటా.

"ఇది ఎండ" అన్నారు. "గమ్ కాదు." కొక్కెం పక్కన పెట్టి, తనలో తానే, "నా చెయ్యి కాదు."

నేను క్షమించమనలేదు.  ఆయన అద్దాలు తీసి నా వైపు చూశారు.

"ఎందుకప్పా?"

"మరిచిపోయాను భాయ్. కబుర్లలో పడి..."

"అది కాదు నేనడిగేది. నా చేతుల మీద పెట్టినావే, అది ఎందుకు?"

 కథలు అల్లేవాడికి మాట దొరక్కపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన కూడా ఎక్కువసేపు ఎదురుచూడలేదు. "పో అప్పా ఇంటికి. ఈ పొద్దుకు చాలు" అన్నారు. వాళ్లింట్లో టీ తాగకుండా నేను బయటికి రావడం అదే మొదలు. భాభీ తలుపు వేశారు. విసురుగా వేయలేదు. విసురుగా వేస్తే బాగుండేది.

కొన్ని వారాలు ఫోన్ లేదు. తర్వాత భాభీ మా ఆవిడతో చెప్పగా తెలిసింది, క్లినిక్ అమ్మకం ఆపేశారట. చేతుల డాక్టరు దగ్గరికి ఆయనే అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లారట. భయపడాల్సిందేమీ లేదన్నారట. వయసుతో వచ్చే కొంచెం అలుపు, కాఫీ తగ్గించమన్నారట. అది విని నేను పెరట్లోకి వెళ్లి, ఆరేసిన బట్టల మధ్య నిలబడి, ఎవరికీ కనబడకుండా కాసేపు నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. అన్నేళ్లు ఆయన పోగొట్టుకున్నవి మాత్రం ఏ డాక్టరూ తిరిగివ్వడు. అదీ నాకు తెలుసు.

ఒకరోజు మెసేజ్ వచ్చింది. "నా డబ్బాలు తెచ్చియ్యి." అంతే. ముందు సలామూ లేదు, చివర నవ్వే బొమ్మా లేదు.

తీసుకెళ్లాను. ఆయన ఇంటి తలుపు కాకుండా గరాజ్ తలుపు తెరిచారు. లోపల పాత బల్ల, దీపం, పనిముట్లు మళ్లీ వచ్చాయి. ఒక కొత్త పాంథర్ పొట్ట సగం కట్టి ఉంది. "ఆడ పెట్టు" అన్నారు. పెట్టాను. ఇంకోటి తెచ్చాను. "ఆడ." మొత్తం మోశాను. ఆయన తల ఎత్తకుండా చక్రాలు అరగదీస్తున్నారు. మణికట్లు రెండూ బల్ల అంచుకు ఆనించి పని చేస్తున్నారు. ఇంతకు ముందు అలా ఆనించేవారు కాదు.

వెళ్లబోతుంటే, "ఇట్రా" అన్నారు. గమ్ సీసా నా వైపు తోశారు. "దీని మూత తియ్యి. బిగుసుకుపోయినాది."

తీసి ఇచ్చాను. "ఊఁ" అన్నారు. ఇంటికొచ్చాను.

అది క్షమించడమా? మా ఆవిడను అడిగాను. "మూత రాలేదు, తీయించుకున్నారు. మీరు దాంట్లోంచి కూడా కథ లాగకండి" అంది. నిజమే. మూత రాలేదు, అంతే. కానీ ఆయన బల్ల మీద దీపం వెలుగుతోంది. దాన్ని నేను వెలిగించలేదు, ఆర్పింది మాత్రం నేను. అది మళ్లీ వెలిగితే చూసే హక్కయినా నాకు మిగిలింది. ఇంకా అప్పుడప్పుడూ పిలుస్తారు. ఎత్తడానికి, మోయడానికి. నేను వెళ్తాను. అక్కడ కథలు చెప్పను. ఆయనే ఒకసారి, తల ఎత్తకుండా, "మొసలి బాగుండాదా?" అన్నారు. "బాగుంది భాయ్" అన్నాను.

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ. కానీ ఒట్టు పెట్టాను కాబట్టి ఇందులో నేను కల్పించింది చెప్పాలి.

ఒక్కటే ఉంది. మరిచిపోయానన్నది.

మీకు చెప్పింది అదే. ఖలీల్ భాయ్‌కి చెప్పిందీ అదే. ఆ రోజు పార్కులో మొసలి కథ సగంలో ఉండగా, చెట్ల అవతల ఎండలో నా కారు అద్దాలు తళుక్కుమన్నాయి. వెనక సీటు నాకు గుర్తొచ్చింది. స్పష్టంగా. ప్లేటు కింద పెట్టి రెండడుగులు వేశాను కూడా. అప్పుడు ఎవరో "తర్వాత ఏమైంది?" అన్నారు. నాకు నా పాంథర్ గుర్తొచ్చింది, అట్టపెట్టెలో, నీడలో. దాని పక్కన ఆయన టైగర్ ఉంటే నా బొమ్మను చూసేవాడు ఉండడని గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో ఏమవుతుందిలే అనుకున్నాను. వెనక్కి తిరిగి, మొసలి కథ అయ్యాక, ఎవరూ అడగకుండానే ఏనుగు కథ మొదలుపెట్టాను. నా జీవితంలో అంత పొడుగ్గా ఆ కథ ఎప్పుడూ చెప్పలేదు.

ఎందుకప్పా అని ఆయన అడిగినదానికి జవాబు ఇదే. ఆ రోజు నోటికి రాలేదు, ఈ కాగితం మీదికి వచ్చింది. ఖలీల్ భాయ్ తెలుగు బాగా చదువుతారు, అచ్చయ్యాక ఈ పత్రిక వాళ్లింటికీ వెళుతుంది. నా పేరు లేకపోయినా మొదటి పేరాలోనే నన్ను గుర్తుపడతారు. మళ్లీ గరాజ్ తలుపు తెరుస్తారో లేదో తెలియదు. తెరవకపోయినా ఆ బల్ల దగ్గర ఆయన చేతులు ఆయనవే.

నేను మరిచిపోలేదు భాయ్. గుర్తుండీ కథ పొడిగించాను.